మాయాబజార్‌కా, మిస్సమ్మకా నా ఓటు?

రెండూ విజయా సంస్థ వారి సినిమాలే, రెంటిలోనూ సావిత్రే. మిస్సమ్మ (1955)లో ఉద్యోగం కోసం ఇద్దరు నిరుద్యోగులు మొగుడూ పెళ్లాలుగా నటిస్తారు. ఆ టెన్షన్ ఇవాళ్టి కుర్రకారుకూ తెలిసిందే. మాయాబజార్ (1957) పాండవుల ఇంటి కథే, కానీ పాండవులు ఒక్కసారీ తెరమీదకు రారు! మార్కస్ బార్ట్‌లే కెమెరా మాయలు సరే, నాకు నచ్చేది పెళ్లిపీటల సీను. మాయా శశిరేఖ, అంటే శశిరేఖ రూపంలో ఉన్న ఘటోత్కచుడు (నటించింది సావిత్రే), పెళ్లికొడుకు రేలంగి కాలు కసుక్కున తొక్కి, మరుక్షణం సిగ్గుపడుతుంది. ఆ ఒక్క చూపులో ఘటోత్కచుడు, పెళ్లికూతురు ఇద్దరూ కనిపిస్తారు. ఏ ట్రిక్కూ లేదక్కడ, నటనే. మిస్సమ్మ హాయిగా నవ్విస్తుంది, కాదనను. కానీ డైలాగు ముందే తెలిసీ ఎదురుచూసేది మాయాబజార్‌కే. అదీ రంగులద్దిన 2010 ప్రింటు కాదు, నలుపు తెలుపుదే.