నేలలో మందులకు లొంగని బాక్టీరియా పెరగకుండా ఏ ఎరువు మేలు?

యాంటీబయాటిక్‌లను తట్టుకునే గుణం నేలకు కొత్తది కాదు. కెనడాలోని యూకన్ ప్రాంతంలో 30,000 ఏళ్లుగా గడ్డకట్టి ఉన్న మట్టిలోనూ టెట్రాసైక్లిన్ అనే యాంటీబయాటిక్‌ను ఎదిరించే జన్యువులు ఉన్నాయని 2011లో తేలింది. 1943లో స్ట్రెప్టోమైసిన్ అనే యాంటీబయాటిక్ దొరికింది కూడా నేల బాక్టీరియాలోనే కనుక ఇందులో వింత లేదు. మనిషి చేసిందల్లా ఆ జన్యువుల సంఖ్యను, ఒక బాక్టీరియా నుంచి మరొకదానికి అవి చేరే వేగాన్ని పెంచడమే.

ఈ విషయంలో పచ్చి పేడ ప్రమాదకరమైనది. పశువుకు ఇచ్చిన మందులో చాలా భాగం దేహంలో విరగకుండానే మలమూత్రాలలో బయటికి వస్తుంది, దానితోపాటే ఆ మందుకు అలవాటుపడిన పేగు బాక్టీరియా కూడా పొలానికి చేరుతుంది. డెన్మార్క్‌లోని ఆస్కోవ్ పరిశోధన క్షేత్రంలో 1923 నుంచి దాచిన మట్టి నమూనాలను పోల్చినప్పుడు, పెనిసిలిన్ వర్గపు మందులను ఎదిరించే జన్యువులు రసాయన ఎరువు వేసిన మళ్లలో కంటే పశువుల ఎరువు వేసిన మళ్లలో ఎక్కువగా కనిపించాయి. చికిత్సకు కాక పశువుల ఎదుగుదల కోసం మందులు వాడటాన్ని ఆ దేశం అరికట్టాక అవి తగ్గాయి కూడా. అయితే మందు తాకని ఆవుల పేడ సైతం నేలలో ముందే ఉన్న నిరోధక బాక్టీరియాను పెంచగలదని 2014 నాటి ఒక పరిశోధన చూపింది.

ఈ ఒక్క కొలతతో చూస్తే రసాయన ఎరువే గెలుస్తుంది. కానీ అది నేలకు సేంద్రియ పదార్థాన్ని ఇవ్వదు. నిరోధకతకు భయపడి పశువుల ఎరువును పూర్తిగా మానేయడం ఎలుకలున్నాయని ఇల్లు తగలబెట్టుకోవడమే.

అందుకే నా మొగ్గు మాగిన ఎరువు (కంపోస్టు) వైపు. కుప్ప లోపల 55 డిగ్రీల సెల్సియస్ వేడి కొన్ని రోజులు నిలిస్తే పేగు బాక్టీరియాలో అధికభాగం చస్తుంది, టెట్రాసైక్లిన్ కూడా చాలావరకు విరిగిపోతుంది. కుప్ప అంచులు చల్లగానే ఉంటాయి కనుక పలుమార్లు తిరగవేయాలి. నెలల తరబడి ఓ మూలన పడి ఉన్న చల్లని పెంటకుప్పను మాగిన ఎరువు అనలేం. మేతలో కలిపిన రాగి, జింకు మాత్రం ఏ వేడికీ పోవు. లోహాన్ని తట్టుకునే జన్యువు, మందును తట్టుకునే జన్యువు తరచు ఒకే డీఎన్ఏ ముక్కపై ఉంటాయి కాబట్టి, మందు జాడ లేని నేలలోనూ లోహం ఆ రెండింటినీ నిలబెడుతుంది. దీనికి విరుగుడు కుప్పలో లేదు, మేతలోనే ఉంది.

పచ్చి పేడ తప్ప గత్యంతరం లేనివారు, పచ్చిగా తినే పంటల విషయంలో ఎరువు వేయడానికీ కోతకూ మధ్య ఎడం పెంచాలి. పంట మట్టిని తాకేదైతే అమెరికా సేంద్రియ సేద్య నిబంధనలు 120 రోజులు ఆగమంటాయి.