జాతర రద్దీకి చక్రాల టవరా, ఉన్న సెల్‌లోనే సర్దుబాటా?

మేడారం జాతర రెండేళ్లకోసారి. ఆ కొద్ది రోజుల ఫోన్ రద్దీ కోసం అడవిలో శాశ్వత మొబైల్ టవర్లు వరుసగా కట్టలేం. మిగిలేవి రెండు దారులు: వాహనంపై తెచ్చి నిలబెట్టే తాత్కాలిక చక్రాల టవర్, లేదా ఉన్న సెల్‌ల (టవర్‌పై ఒక్కో యాంటెన్నా సిగ్నల్ ఇచ్చే ప్రాంతాల) సెట్టింగులు మార్చి రద్దీని పంచే సర్దుబాటు.

ఖర్చు: సర్దుబాటుకు ఇంజనీరు సమయమే. చక్రాల టవర్‌కు వాహనం, జనరేటర్, డీజిల్, కాపలా, స్థలం అనుమతి.

సమయం: రిమోట్ టిల్ట్ మోటార్ (దూరం నుంచే యాంటెన్నా వంపు మార్చేది) ఉంటే యాంటెన్నాను నిమిషాల్లో వంచొచ్చు. చక్రాల టవర్‌కు రోజులు పడుతుంది, అదీ ఎక్కువగా బ్యాక్‌హాల్ (టవర్‌ను ప్రధాన నెట్‌వర్క్‌కు కలిపే లింక్) దగ్గరే. మైక్రోవేవ్ లింక్‌కు చెట్లు అడ్డొస్తే పని ఆగినట్టే.

ప్రమాదం: టిల్ట్ ఎక్కువైతే అంచు ఊళ్లకు సిగ్నల్ పోతుంది. హ్యాండోవర్ ఆఫ్‌సెట్ (ఫోన్ ఒక సెల్ నుంచి పక్క సెల్‌కు ఎప్పుడు మారాలో చెప్పే సెట్టింగ్) అతిగా మారిస్తే ఫోన్లు రెండు సెల్‌ల మధ్య ఊగిసలాడతాయి. చక్రాల టవర్‌లో చిక్కు వేరు: 4జీలో పీసీఐ నంబర్లు (ఫోన్ సెల్‌ను గుర్తుపట్టే నంబర్లు) 504 మాత్రమే, పొరుగు సెల్‌తో కలవకూడదు. నైబర్ జాబితాలో (ఫోన్‌ను ఏ పొరుగు సెల్‌లకు మార్చొచ్చో చెప్పే జాబితా) రెండు వైపులా చేర్చాలి, అంటే కొత్త సెల్ జాబితాలో పాతవి, పాత వాటి జాబితాలో కొత్తది. ఒకవైపే చేరిస్తే జనం కదిలినప్పుడు కాల్స్ తెగుతాయి. ఇది తరచూ మరిచిపోయేదే.

ఏది ఎంచుకోవాలో తేలాలంటే ముందు పీఆర్‌బీ (సెల్ ఫోన్లకు పంచే రేడియో సామర్థ్యపు ముక్కలు) వాడకం చూడండి. 20 మెగాహెర్ట్జ్ 4జీ సెల్‌లో అవి 100. ఒక సెల్ నిండి పక్కది సగం ఖాళీగా ఉంటే సర్దుబాటు చాలు. పాత సెట్టింగుల కాపీ మాత్రం దాచుకోండి. చుట్టూ అన్నీ నిండితే ఎంత వంచినా లాభం లేదు, చక్రాల టవర్ తేవాల్సిందే.