నాలుగేళ్లు ఇంట్లో నారు పోశాక: కోకోపీట్, ట్రేలు, లైటు ఎలా పనిచేశాయంటే

మాది మల్కాజిగిరిలో మూడో అంతస్తు ఫ్లాటు, ఉన్నది ఒక్క తూర్పు బాల్కనీ. టమాటా, వంగ, మిరప నారు నాలుగేళ్లుగా ఇంట్లోనే పోసుకుంటున్నాను కాబట్టి డబ్బు ఎక్కడ పెట్టాలో, ఎక్కడ అక్కర్లేదో ఇప్పుడు ధైర్యంగా చెప్పగలను.

అన్నిటికంటే ముందు కోకోపీట్, అంటే కొబ్బరి పీచు పొట్టు. మొదటి ఏడాది చవగ్గా దొరికిందని 5 కిలోల దిమ్మ తెప్పించాను. మొలకలు చక్కగా వచ్చాయి, తీరా రెండో జత ఆకులు వేసే వేళకి అంచులు మాడిపోయి ఎదుగుదల ఆగిపోయింది. విత్తనాలు మంచివి కావనుకుని మళ్లీ కొన్నాను, మళ్లీ అదే కథ. అసలు కారణం ఉప్పు. కొబ్బరి పీచులో సోడియం, పొటాషియం లవణాలు సహజంగానే ఉంటాయి, సరిగ్గా కడగని సరుకైతే అవన్నీ లేత వేళ్లకే తగులుతాయి. అప్పట్నుంచి 'లో ఈసీ' (అంటే ఉప్పు తక్కువ) అని రాసి ఉన్నదే కొంటున్నాను, అయినా మంజీరా కుళాయి నీళ్లొచ్చే రోజు చూసుకుని బకెట్లో నానబెట్టి, పాత పంచెలో మూటగట్టి మూడుసార్లు పిండుతాను. మొదటి నీళ్లు అచ్చం కాఫీ డికాక్షన్‌లా ఉంటాయి. రంగు తగ్గింది కదా అని ఆపేయకండి, ఉప్పు కంటికి కనబడదు. మా బోరు నీళ్లతో కడిగితే ఎండాక పైన తెల్లటి పొర కట్టింది.

మూడు పాళ్లు కోకోపీట్, ఒక పాలు జల్లెడ పట్టిన వర్మీకంపోస్ట్, ఒక పాలు పెర్లైట్ (మిశ్రమాన్ని గుల్లగా ఉంచే తేలికైన తెల్లటి పలుకులు), ఇదే నా మిశ్రమం. గుప్పెట్లో గట్టిగా పిండితే ఒకటి రెండు చుక్కలే రాలాలి, అంతకంటే కారితే తడి ఎక్కువైనట్టు. ఎర్రమట్టి మాత్రం ట్రేల్లో వద్దు, గట్టిపడిపోతుంది.

ఒక జులైలో వారం రోజులు ముసురు పట్టింది, నేనేమో పొద్దునా సాయంత్రం నీళ్లు చల్లుతూనే ఉన్నాను. వంగ మొలకలు మట్టి దగ్గర కాడ దారంలా సన్నబడి ఒక్కొక్కటే పక్కకి వాలిపోయాయి. నారుకుళ్లు. చాలా బాధేసింది. ఇప్పుడు వర్మీకంపోస్ట్‌లో ట్రైకోడెర్మా విరిడి అనే మేలుచేసే శిలీంధ్రపు పొడి కలిపి వారం ఉంచి వాడుతున్నాను, నీళ్లు కింది పళ్లెంలో పోసి అరగంటలో తీసేస్తాను, చిన్న ఫ్యాను కూడా పెట్టాను. ఆ తర్వాత ఒకటీ అరా తప్ప పోలేదు.

ట్రేల విషయానికొస్తే 98 గుంతలవి ఇంటికి అనవసరం, గుంత చిన్నది కాబట్టి మన ఎండలకి మధ్యాహ్నానికే ఆరిపోతుంది. 50 గుంతల మందం ట్రే తీసుకోండి, నావి మూడో ఏడు నడుస్తున్నాయి, పల్చటివి మొక్క తీసేటప్పుడే చిరిగిపోయాయి. నీళ్లు పోస్తే ఉబ్బే కోకో బిళ్లలు సులువే, కానీ చుట్టూ ఉన్న వల మట్టిలో కలవలేదు, నాటేముందు చింపాల్సిందే.

కిటికీ వెలుతురు చాలక మొలకలు పొడుగ్గా సాగుతుంటే 20 వాట్ల ఎల్ఈడీ బ్యాటెన్ అర అడుగు ఎత్తున వేలాడదీశాను, రోజుకి 14 గంటలు. కాడలు పొట్టిగా, బలంగా వచ్చాయి. హీట్ మ్యాట్ మన హైదరాబాద్‌లో దండగ. డిసెంబరు, జనవరి చలికి మిరప ఒక్కటే మొండికేస్తుంది, ఆ ట్రే మొలకెత్తేదాకా ఫ్రిజ్ మీద పెడతాను.