అమ్మానాన్నల ఆరోగ్యం: రోజూ ఫోన్ చేయడమా, మిషన్లు కొనివ్వడమా, వెళ్ళి ఉండటమా?

"నాకేం, బాగానే ఉన్నాను. నువ్వు జాగ్రత్త." మా అమ్మ రోజూ ఫోన్ పెట్టేసే ముందు అనే మాట ఇది. నేను దూరంగా ఉంటాను. రోజూ రాత్రి పది నిమిషాలు మాట్లాడేవాణ్ణి. ఇంట్లో బీపీ మిషన్ కూడా కొని పెట్టాను. వారానికోసారి చూసుకుని అంకెలు ఒక నోటుబుక్కులో రాసేది. అంకెలు బాగుండేవి, గొంతు బాగుండేది. ఇంతకంటే ఏం కావాలి అనుకున్నాను.

ఒకసారి సెలవు దొరికి మూడు రోజులు ఉండేలా వెళ్ళాను. రెండో రోజు పొద్దున అమ్మ మంచం మీద నుంచి లేవడం చూశాను. రెండు చేతులూ ఊనింది. లేచి నిలబడి కాసేపు కళ్ళు మూసుకుంది. తర్వాత గోడ పట్టుకుని నడిచింది. గోడ మీద ఆమె చెయ్యి ఆనే చోట రంగు మాసిపోయి ఉంది. అంత మాసిందంటే ఇది నిన్నో మొన్నో మొదలైంది కాదు. నెలల తరబడి రోజూ మాట్లాడుతూ కూడా నాకు తెలియలేదు. ఆ మచ్చ చూసినప్పుడు కడుపులో దేవినట్టయింది.

అప్పటి నుంచి ఈ మూడు దారుల గురించి చాలా ఆలోచించాను. నా తీర్పు ముందే చెప్పేస్తాను: వెళ్ళి కనీసం రెండు రాత్రులు ఉండటమే అన్నిటికంటే మేలు. మిగతా రెండూ పనికిరావని కాదు. వాటిని దేనికి వాడాలో దానికి వాడం, అదే చిక్కు.

ఫోన్ సంగతి

ఫోన్‌లో పట్టుబడేవి కొన్ని ఉన్నాయి. వాక్యం మధ్యలో ఊపిరి కోసం ఆగడం, గొంతు నీరసంగా ఉండటం, ఒకే కాల్‌లో ఒకే సంగతి మూడుసార్లు చెప్పడం. ఇదివరకు గంటలు మాట్లాడే మనిషి "ఇదుగో నాన్న మాట్లాడతారు" అని వెంటనే ఫోన్ ఇచ్చేయడం కూడా పట్టించుకోవాల్సిందే. పెద్దవాళ్ళలో మనసు కుంగినప్పుడు "బాధగా ఉంది" అని చెప్పేవాళ్ళు తక్కువ. ఒళ్ళు నొప్పులు, నీరసం, నిద్ర పట్టలేదు అంటారు, మాట తగ్గించేస్తారు.

కానీ ఫోన్ రెండు రకాలుగా మోసం చేస్తుంది. మొదటిది వినికిడి. వయసుతో ముందు పోయేది సన్నగా, కీచుగా ఉండే హెచ్చు స్థాయి శబ్దాలు, అంటే స, శ, ఫ లాంటి హల్లులు. పాత పద్ధతి ఫోన్ లైన్ సుమారు 300 నుంచి 3,400 హెర్ట్జ్ మధ్య శబ్దాన్నే మోస్తుంది. సరిగ్గా వాళ్ళకు కష్టమైన చోటే అలాంటి లైన్ ఇంకాస్త కోసేస్తుంది. దాంతో నాన్న పొంతన లేని జవాబు చెబుతారు. మనం మతిమరుపు అనుకుని కంగారుపడతాం. చెవి పరీక్ష చేయిస్తే విషయం తేలిపోవచ్చు. అలాగని చెవుడే కదా అని వదిలేయకూడదు. డిమెన్షియాకు, అంటే ముదిరే మతిమరుపు జబ్బుకు దారితీసే, మనం మార్చగలిగిన 14 కారణాల జాబితాను లాన్సెట్ అనే వైద్య పత్రిక వేసిన నిపుణుల కమిషన్ 2024లో ప్రకటించింది. అందులో వినికిడి లోపం ఒకటి.

రెండో మోసం దీనికి తలకిందులు. మతిమరుపు నిజంగా మొదలైనా పది నిమిషాల ఫోన్‌లో బయటపడదు. పలకరింపులు జీవితమంతా చేసిన అలవాటు కాబట్టి అవి చాలాకాలం చెక్కుచెదరకుండా ఉంటాయి. "ఎలా ఉన్నారు" అన్న ప్రశ్నకు జవాబు నోటికొచ్చేసి ఉంటుంది. అందుకే నేనిప్పుడు ఆ ప్రశ్న అడగడం మానేశాను. "నిన్న ఎవరైనా వచ్చారా? ఏమన్నారు?" అని అడుగుతాను. దానికి నిన్నటి సంగతి గుర్తు తెచ్చుకుని చెప్పాలి. వీడియో కాల్ అయితే "ఆ లోపలి గదిలో ఉన్న ఫోటో ఒకసారి చూపించు" అంటాను. లేవడం, నడవడం కాస్తయినా కనిపిస్తాయి. అయితే పరీక్ష పెడుతున్నట్టు ఉండకూడదు. పెద్దవాళ్ళు ఇట్టే కనిపెట్టేస్తారు, నొచ్చుకుంటారు.

మిషన్లు, రిపోర్టులు

బీపీ మిషన్ కొనడం మంచి పనే. సరిగ్గా వాడితేనే ఆ అంకెకు విలువ. ఐదు నిమిషాలు వీపు ఆనించి ఊరికే కూర్చోవాలి, చెయ్యి గుండె ఎత్తులో ఉండాలి, నిమిషం తేడాతో రెండుసార్లు చూడాలి. ఇంట్లో చూసినప్పుడు 135/85 గానీ అంతకు మించి గానీ తరచూ వస్తుంటే ఎక్కువనే లెక్క.

మా ఇంట్లో ఎవరికీ తట్టనిది ఇంకొకటి ఉంది. నిలబడ్డాక కూడా చూడాలి. నిలబడిన మూడు నిమిషాల్లోపు పై అంకెలో 20 గానీ, కింది అంకెలో 10 గానీ తగ్గితే, లేవగానే కళ్ళు తిరగడానికి అది కారణం కావచ్చు. ఒంట్లో నీరు తగ్గినా, కొన్ని మందుల వల్లా అలా జరుగుతుంది. అమ్మ నోటుబుక్కులో ఉన్నవన్నీ కూర్చుని చూసుకున్న అంకెలే. ఆ రోజు పొద్దున నిలబెట్టి చూస్తే పై అంకెలో పాతిక దాకా తగ్గింది. అంటే మిషన్ ఎప్పటి నుంచో ఇంట్లోనే ఉంది. ఎప్పుడు చూడాలో చెప్పే మనిషే లేడు.

షుగర్ ఉన్నవాళ్ళకు గ్లూకోమీటర్ ఉపయోగపడుతుంది. మనకు భయమంతా షుగర్ పెరగడం గురించే ఉంటుంది. పెద్దవాళ్ళ విషయంలో తగ్గడం గురించి అంతకంటే ఎక్కువ జాగ్రత్తపడాలి. 70 కంటే తగ్గితే తూలుతారు, తికమకపడతారు. చూసేవాళ్ళు వయసు మీద పడింది అనుకుంటారు. వేలికి పెట్టి రక్తంలో ఆక్సిజన్ చూసే పల్స్ ఆక్సిమీటర్ వేళ్ళు చల్లగా ఉన్నా, గోళ్ళకు రంగు ఉన్నా తప్పు చూపిస్తుంది. చామనఛాయ, నలుపు చర్మం ఉన్నవాళ్ళలో అసలు కంటే కాస్త ఎక్కువ చూపించే అవకాశమూ ఉంది. పడిపోతే పిల్లలకు మెసేజ్ పంపే వాచీలు వచ్చాయి. చేతికి ఉంటేనే, చార్జింగ్ ఉంటేనే పనిచేస్తాయి. చాలామంది రాత్రి తీసి పక్కన పెడతారు, రాత్రి లేచి బాత్రూమ్‌కు వెళ్ళేటప్పుడు పడతారు.

ఏటా చేయించే రక్త పరీక్షలను నేను తీసిపారేయను. బీ12 తగ్గినా, థైరాయిడ్ మందగించినా, సోడియం పడిపోయినా మతిమరుపు లాగే కనిపిస్తుంది. మందుతో నయమయ్యే వాటిని ముందే పట్టుకోగలగడం చిన్న విషయం కాదు. అయినా ఏ రిపోర్టులోనూ గోడ మీది మచ్చ కనిపించదు.

వెళ్ళి ఉండటం

రెండు రాత్రులు అని ఎందుకన్నానంటే, మొదటి రోజు నిజం తెలియదు. పిల్లలు వచ్చారన్న సంబరంలో వాళ్ళకు ఎక్కడ లేని ఓపికా వస్తుంది. రెండో రోజుకు మామూలు అలవాట్లు బయటికొస్తాయి. పొద్దున వెళ్ళి సాయంత్రం వచ్చేస్తే ఫోన్ చేసినదానికీ దానికీ పెద్ద తేడా ఉండదు.

చూడాల్సింది జబ్బుల్ని కాదు, తేడాల్ని. వాళ్ళు ఇదివరకు ఎలా ఉండేవారో మనకు తెలుసు, డాక్టర్‌కు తెలియదు. బట్టలు వదులయ్యాయా? ప్రయత్నించకుండానే ఆరు నెలల నుంచి ఏడాదిలో ఒంటి బరువులో 5 శాతం తగ్గితే వైద్యులు దాన్ని తేలిగ్గా తీసుకోరు. 60 కిలోల మనిషికి అది 3 కిలోలు, కంటికి పెద్దగా ఆనదు కూడా. రోజూ చదివే మనిషి చదవడం ఎందుకు మానేశారు? కళ్ళజోడు మారాలా, మనసు లగ్నం కావట్లేదా? తెరవని కవర్లు ఉన్నాయా? నడకకు డాక్టర్లు వాడే తేలిక పరీక్ష ఒకటుంది: కుర్చీలోంచి లేచి, మూడు మీటర్లు నడిచి, వెనక్కి తిరిగి వచ్చి కూర్చోవాలి. 12 సెకన్లు గానీ ఎక్కువ గానీ పడితే పడిపోయే ముప్పు ఉన్నట్టు.

అన్నిటికంటే ముందు మందుల డబ్బా తెరవండి. కొన్న తేదీ, మిగిలిన బిళ్ళలు లెక్కపెడితే వేసుకుంటున్నారో లేదో తెలిసిపోతుంది. ఇద్దరు డాక్టర్లు ఒకే మందును రెండు పేర్లతో రాసి ఉండవచ్చు. జలుబుకో నిద్రకో కొనుక్కున్న బిళ్ళల్లో డైఫెన్‌హైడ్రమిన్ ఉందేమో చూడండి. అది పెద్దవాళ్ళలో తికమక, మలబద్ధకం తెస్తుంది. పెద్దవాళ్ళకు వీలైనంత వరకు ఇవ్వకూడని మందుల పట్టికగా డాక్టర్లు వాడే బీర్స్ జాబితాలో ఉన్న మందు అది. మీ అంతట మీరు ఏదీ ఆపేయకండి. డబ్బా మొత్తం సంచిలో వేసుకుని డాక్టర్ దగ్గరకు తీసుకెళ్ళండి.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. అమ్మానాన్నలతో కలిసి ఉండే అన్ననో చెల్లినో "ఇంతకాలం నువ్వెలా చూడలేదు?" అని అడగకండి. నెమ్మదిగా వచ్చే మార్పు రోజూ చూసే కంటికి ఆనదు. ఆర్నెల్లకోసారి వచ్చేవాళ్ళకే కనిపిస్తుంది. వచ్చినవాళ్ళు చూసిన తేడా, ఉన్నవాళ్ళకు తెలిసిన రోజువారీ సంగతులు రెండూ కలిస్తేనే డాక్టర్‌కు సరైన కథ అందుతుంది. పగలూ రాత్రీ సేవ చేస్తున్నవాళ్ళను నిలదీస్తే మనకు ఆ తర్వాత ఎవరూ ఏమీ చెప్పరు.

కనిపించాక: ఆగడమా, పరుగెత్తడమా?

నేను పెట్టుకున్న కొలత ఒక్కటే, మార్పు ఎంత వేగంగా వచ్చింది అని. నెలల మీద వచ్చినదైతే రాసుకుని, అపాయింట్‌మెంట్ తీసుకుని, పక్కన కూర్చుని చెప్పించవచ్చు. గంటల్లోనో ఒకటి రెండు రోజుల్లోనో వచ్చిందంటే అదే రోజు చూపించాలి. నిన్నటి దాకా బాగున్న మనిషి ఇవాళ తేదీ తెలియక, మనుషుల్ని పోల్చుకోలేక మాట్లాడుతుంటే అది వయసు కాదు. దాన్ని డెలీరియమ్ అంటారు. వెనక మూత్రంలో ఇన్ఫెక్షన్, న్యుమోనియా, ఒంట్లో నీరు తగ్గడం, కొత్త మందు లాంటిదేదో ఉంటుంది. పెద్దవాళ్ళలో ఇన్ఫెక్షన్ ఉన్నా జ్వరం రాకపోవచ్చు. కొందరు అరవరు, గొడవ చేయరు, రోజంతా మగతగా పడుకుంటారు. "విశ్రాంతి తీసుకుంటున్నారు" అని వదిలేసేది ఇలాంటివాళ్ళనే.

మూతి వంకర పోవడం, ఒక చెయ్యి పడిపోవడం, మాట తడబడటం కనిపిస్తే నిమిషం ఆగకూడదు. రక్తపు గడ్డ వల్ల వచ్చిన పక్షవాతానికి గడ్డ కరిగించే ఇంజక్షన్ సాధారణంగా నాలుగున్నర గంటల లోపే ఇవ్వాలి. ఆసుపత్రిలో మొదట అడిగేది "చివరిసారి బాగున్నది ఎప్పుడు చూశారు?" అని. రోజూ చేసే ఫోన్ నిజంగా విలువైనదయ్యేది ఇక్కడే. "రాత్రి తొమ్మిదింటికి మామూలుగా మాట్లాడింది" అని కచ్చితంగా చెప్పగలం. గుండెపోటు కూడా షుగర్ ఉన్నవాళ్ళకు, వయసు పైబడినవాళ్ళకు ఛాతీనొప్పి లేకుండా ఆయాసంతోనో, విపరీతమైన నీరసంతోనో రావచ్చు. తలకు చిన్న దెబ్బ తగిలి, కొన్ని వారాల తర్వాత తలనొప్పి, మగత, తూలడం మొదలైతే ఆ దెబ్బ సంగతి డాక్టర్‌కు తప్పక చెప్పాలి. రక్తం పలచబడే మందులు వాడేవాళ్ళలో మరీను.

నెమ్మది మార్పుల్లో కష్టమంతా వాళ్ళను ఒప్పించడంలో ఉంది. "నీకు మతిమరుపు వస్తోంది, పద" అంటే ఎవరూ రారు. ఇల్లు వదిలి రమ్మంటారేమో, డబ్బు లెక్కలు తీసేసుకుంటారేమో అన్న భయం వాళ్ళకు మనకంటే ముందు నుంచే ఉంటుంది. నేను అమ్మతో గోడ గురించి చెప్పి, "నాకు టెన్షన్‌గా ఉంది, నా కోసం ఒక్కసారి రా" అన్నాను. అమ్మ కాసేపు మాట్లాడలేదు. తర్వాత "నువ్వు అక్కడ ఒక్కడివీ ఉండి బెంగపెట్టుకుంటావని చెప్పలేదురా" అంది.

డాక్టర్ నిలబెట్టి బీపీ చూసి, మందు మోతాదు తగ్గించారు. నీళ్ళు ఎక్కువ తాగమన్నారు. లేచే ముందు మంచం అంచున రెండు నిమిషాలు కూర్చోమన్నారు. ఇప్పటికీ రోజూ రాత్రి ఫోన్ చేస్తాను. అడిగే ప్రశ్న మాత్రం "పొద్దున గోడ పట్టుకున్నావా?" అని. పట్టుకున్న రోజు పట్టుకున్నానని చెబుతుంది.