వైఫై రాని లినక్స్: పెన్‌డ్రైవా, ఫోను కేబులా?

పాత ల్యాప్‌టాప్‌లో విండోస్ బదులు ఉబుంటు అనే లినక్స్ ఎక్కించాక వైఫై గుర్తే కనిపించలేదు. నెట్ రావాలంటే వైఫై చిప్‌ను నడిపే ప్రోగ్రామ్, అంటే డ్రైవర్ కావాలి, డ్రైవర్ దించుకోవాలంటే నెట్ కావాలి.

ముందు పెన్‌డ్రైవ్‌ను నమ్ముకున్నాను. వేరే కంప్యూటర్‌లో డ్రైవర్ ప్యాకేజీ దించి తెస్తే, దాన్ని నా సిస్టమ్‌కు తగ్గట్టు తయారుచేసే డీకేఎంఎస్ అనే ప్రోగ్రామ్ లేదంది. అదీ తెస్తే, ఆ తయారీకి కావలసిన కెర్నల్ (లినక్స్ మూలభాగం) హెడర్ ఫైళ్లు అడిగింది. మూడుసార్లు మేడ ఎక్కి దిగాను.

ఆండ్రాయిడ్ ఫోనును కేబుల్‌తో కలిపి యూఎస్‌బీ టెథరింగ్ (ఫోను నెట్‌ను కేబుల్ మీదుగా పంచే సెట్టింగ్) నొక్కితే, లినక్స్ దాన్ని మామూలు వైర్డు నెట్‌వర్క్‌గానే చూస్తుంది. ఫోను ఇంటి వైఫైలో ఉంటే మొబైల్ డేటా కూడా ఖర్చు కాదు. కావలసిన ప్యాకేజీలన్నీ ఉబుంటులో వాటిని ఎక్కించే ఏపీటీ అనే ప్రోగ్రామే వెతికి తెచ్చుకుంటుంది. కేబుల్ మాత్రం డేటా మోసేదై ఉండాలి. ఉత్త ఛార్జింగ్ కేబుళ్లతో ఎంత నొక్కినా ఆ మీట వెలగదు.

కొరవడింది ఒక్క ఫర్మ్‌వేర్ ఫైలే (వైఫై చిప్ లోపల నడిచే ప్రోగ్రామ్) అయితే పెన్‌డ్రైవ్ చాలు. డెబియన్ అనే మరో లినక్స్‌లో, 2023లో వచ్చిన డెబియన్ 12 నుంచి ఫర్మ్‌వేర్ ఫైళ్లు చాలావరకు ఇన్‌స్టాలర్‌లోనే ఉంటున్నాయి.