చిచెన్ ఇట్సా ఒక్కరోజు టూర్: కాన్‌కూన్ నుంచి బస్సులో వెళ్లాలా, వయ్యదోలిద్‌లో పడుకుని వెళ్లాలా

మెక్సికోలోని పాత మాయా నగర శిథిలాలు చిచెన్ ఇట్సా. దాని గేటు పొద్దున 8 గంటలకు తెరుస్తారు. బీచ్ నగరం కాన్‌కూన్ హోటళ్ల నుంచి జనాన్ని ఎక్కించుకున్న పెద్ద బస్సులు పదిన్నర, పదకొండు ప్రాంతంలో ఒకదాని వెనక ఒకటి వచ్చి చేరతాయి. మధ్యలో ఉన్న ఆ రెండున్నర గంటలే ఈ చోటును చూడాల్సిన సమయం. ఏ టూర్ కొనాలి, రాత్రి ఎక్కడ పడుకోవాలి, కారు తీసుకోవాలా అనే లెక్కలన్నీ దాన్నిబట్టే వేసుకోవాలి.

ముందు గడియారం సంగతి. కాన్‌కూన్ ఉన్నది కింతానా రో రాష్ట్రంలో, చిచెన్ ఇట్సా ఉన్నది యుకతాన్ రాష్ట్రంలో. యుకతాన్ ఒక గంట వెనక ఉంటుంది. 2022లో మెక్సికో వేసవి సమయాన్ని ఎత్తేశాక ఈ తేడా ఏడాది పొడుగునా ఉంటోంది. దూరం సుమారు 200 కిలోమీటర్లు, టోల్ రోడ్డు మీద రెండున్నర గంటలు. కాన్‌కూన్‌లో ఆరింటికి బయల్దేరితే మీ వాచీలో ఎనిమిదిన్నరకు చేరతారు, అక్కడ అప్పటికి ఏడున్నరే. తిరుగు ప్రయాణంలో ఆ గంట పోతుంది. కాబట్టి అదే రాత్రి విమానం ఉంటే ఈ టూర్ పెట్టుకోవద్దు. ఫోన్ తనంతట తానే సమయం మార్చుకుంటుంది, చేతి వాచీ మార్చుకోదు. గైడ్ "ఒంటిగంటకు బస్సు దగ్గరకు రండి" అన్నప్పుడు ఏ టైమ్ ప్రకారమో అడగండి. బస్సు తప్పిపోయేవాళ్లలో చాలామంది ఇక్కడే తప్పుతారు.

మామూలు బస్సు టూర్ అంటే పన్నెండు గంటలకు తక్కువ కాదు. ఏడు దాటాక హోటల్ హోటల్‌కూ ఆగుతూ మనుషుల్ని ఎక్కించుకోవడానికే గంట పైన పడుతుంది. దారిలో ఒక హస్తకళల దుకాణం, బఫే భోజనం, సెనోతేలో (సున్నపురాయి కూలి ఏర్పడిన సహజ నీటి గుంట) ఈత, చివర దగ్గర్లోని వయ్యదోలిద్ ఊళ్లో అరగంట. ఇన్నిటి మధ్య శిథిలాలకు మిగిలేది సుమారు రెండు గంటలు, అదీ నడి ఎండలో. టూర్ ధర తక్కువగా కనబడితే రెండు విషయాలు చూడండి. ఒకటి, దుకాణం దగ్గర ఎంతసేపు ఆపుతారు. రెండు, ప్రవేశ రుసుము అందులో ఉందా. ఇక్కడ టికెట్లు రెండు: ఒకటి కేంద్ర పురావస్తు సంస్థ ఇనా ఇచ్చేది, ఇంకోటి యుకతాన్ రాష్ట్రం వసూలు చేసేది. విదేశీయులకు రెండూ కలిపి 600 పెసోలు దాటింది, ఏటా పెరుగుతూనే ఉంది. చాలా టూర్లు దీన్ని "టాక్స్" అని చెప్పి బస్సెక్కాక విడిగా వసూలు చేస్తాయి. బుక్ చేసేముందు ఇంకో రెండు ప్రశ్నలు అడగండి: బస్సు ముందు శిథిలాలకు వెళ్తుందా, దుకాణానికా? గ్రూపులో ఎంతమంది? "ముందు శిథిలాలకే, ఎనిమిదిన్నరలోపు గేటు దగ్గర" అని రాతపూర్వకంగా చెప్పే చిన్న వ్యాన్ టూర్‌కి కొంచెం ఎక్కువ పెట్టినా నష్టం లేదు.

మా ఓటు మాత్రం వయ్యదోలిద్‌కే. శిథిలాలకు 45 కిలోమీటర్లు, ముప్పావు గంట. రంగులు వేసిన పాత స్పానిష్ ఇళ్లు, పార్కు చుట్టూ చిన్న హోటళ్లు, ఊరి మధ్యలోనే సాసీ అనే సెనోతే. కాన్‌కూన్ బీచ్ హోటళ్లతో పోలిస్తే గది అద్దె బాగా తక్కువ. బస్ స్టాండ్ దగ్గర నుంచి కొలెక్తీవో అనే షేర్ వ్యాన్లు నడుస్తాయి. మన షేర్ ఆటోల్లాగే నిండితేనే కదులుతాయి, కాబట్టి ఏడింటికల్లా అక్కడ ఉండండి. ఇంకా దగ్గర కావాలంటే రెండు మూడు కిలోమీటర్ల దూరంలో పీస్తే అనే ఊరుంది. పొద్దున్నే గేటు దగ్గరకు చేరడానికి అదే సులువు, సాయంత్రం మాత్రం అక్కడ చేయడానికి పెద్దగా ఏమీ ఉండదు.

లోపలికి వెళ్లాక అందరూ పిరమిడ్ దగ్గరే ఆగిపోతారు. కుకుల్కాన్ అంటే ఈకల పాము దేవుడు, ఆయన గుడి ఇది. సుమారు 30 మీటర్ల ఎత్తు. నాలుగు వైపులా 91 చొప్పున మెట్లు, పైన వేదిక ఒకటి కలిపితే 365. ఎక్కడం 2006 నుంచి నిషేధం, డబ్బిచ్చి ఎక్కిస్తామని ఎవరైనా అంటే నమ్మొద్దు. ఉత్తరం మెట్ల అడుగున రెండు పక్కలా నోరు తెరిచిన పాము తలలు ఉంటాయి. ఆ మెట్లకు ఎదురుగా కొంత దూరంలో నిలబడి ఒక్కసారి గట్టిగా చప్పట్లు కొట్టండి. తిరిగొచ్చేది చప్పట్ల శబ్దం కాదు, పక్షి కూతలా సన్నగా కిందికి జారే ధ్వని. పై మెట్టు నుంచి వచ్చే ప్రతిధ్వని కింది మెట్టు దానికంటే కాస్త ఆలస్యంగా చెవికి చేరుతుంది కాబట్టి శబ్దం అలా సాగుతుంది. ఎనిమిదిన్నరకు ఇది స్పష్టంగా వినబడుతుంది. పదకొండింటికి పది గ్రూపులు ఒకేసారి చప్పట్లు కొడుతుంటే మీ చప్పట్లు మీకే వినబడవు.

అక్కడి నుంచి బంతి మైదానానికి వెళ్లండి. పొడవు 168 మీటర్లు, వెడల్పు 70. రబ్బరు బంతిని ప్రధానంగా తుంటితో కొట్టే ఆట, గోడల మీద పైన రాతి కడియాలు. అందరూ తలెత్తి ఆ కడియాలనే చూస్తారు. మీరు వంగి గోడ అడుగున ఉన్న చెక్కడాలు చూడండి. మోకాలి మీద కూర్చున్న ఆటగాడికి తల లేదు, మెడ నుంచి రక్తానికి బదులు పాములు చిమ్ముతున్నాయి. ఎదుటి ఆటగాడి చేతిలో కత్తి, ఆ తల. ఇద్దరి మధ్య బంతి, దాని మీద పుర్రె. చెక్కడం లోతు తక్కువ, పొద్దుటి ఏటవాలు ఎండలోనే గీతలు లేచి కనబడతాయి. ఆ తర్వాత పుర్రెల వేదిక, వెయ్యి స్తంభాల వరుసలున్న యోధుల గుడి, తెల్ల రాతి బాట చివర పవిత్ర సెనోతే. ఇందులో ఈత ఉండదు, పైనుంచి చూడటమే. ఇట్సాలు ఒక మాయా తెగ, చిచెన్ ఇట్సా అంటే "ఇట్సాల బావి నోటి దగ్గర" అని అర్థం.

దక్షిణం వైపును బస్సు గ్రూపులు ఎక్కువగా వదిలేస్తాయి. అది పెద్ద నష్టం. గుండ్రటి ఎల్ కరకోల్ కట్టడం అక్కడే ఉంది. లోపల మెలికలు తిరిగే మెట్లవల్ల నత్త అనే పేరు. పైనున్న సన్నటి కిటికీలు శుక్రగ్రహం ఉత్తర, దక్షిణ కొసల్లో అస్తమించే చోట్లకు సూటిగా ఉంటాయని పరిశోధకులు కొలిచారు. అన్నీ చూడాలంటే మూడు గంటలు కావాలి.

గైడ్‌ను గేటు దగ్గరే మాట్లాడుకోవచ్చు. రేటు గ్రూపుకి, మనిషికి కాదు. కాబట్టి నలుగురైదుగురు కలిస్తే గిట్టుబాటు అవుతుంది. మెడలో ప్రభుత్వ గుర్తింపు కార్డు ఉండాలి. భాష, ఎంతసేపు, దక్షిణం వైపు చూపిస్తారా అనే మూడూ ముందే తేల్చుకోండి. పీస్తే దాటాక రోడ్డు మీద చేతులూపి కార్లు ఆపి "టికెట్లు ఇక్కడే" అనేవాళ్లు గైడ్ల ఏజెంట్లు, టికెట్లు గేటు దగ్గరే దొరుకుతాయి.

సెనోతేకు వెళ్తే గేటుకు మూడు కిలోమీటర్ల దూరంలోని ఇక్ కిల్ అందంగా ఉంటుంది, నీళ్లు నేల మట్టానికి సుమారు 26 మీటర్ల కింద. బస్సులన్నీ అక్కడికే వస్తాయి కాబట్టి రద్దీ ఉంటుంది. దిగేముందు స్నానం తప్పనిసరి. సన్‌స్క్రీన్ రాసుకుని దిగొద్దు, నీళ్లు పాడవుతాయి.

శాకాహారులు బఫేలో జాగ్రత్త. "సిన్ కార్నే" అంటే వాళ్ల దృష్టిలో మాంసం లేనిదే, కోడిని వాళ్లు మాంసం కింద లెక్కించకపోవచ్చు. "సిన్ కార్నే, సిన్ పోయో, సిన్ మంతేకా" (మాంసం, కోడి, పంది కొవ్వు లేకుండా) అని మూడూ చెప్పండి. బీన్స్‌ను పంది కొవ్వుతో, అన్నాన్ని కోడి నీళ్లతో వండటం మామూలే. కారానికి మాత్రం లోటు లేదు: యుకతాన్ అబనేరో మిరప పచ్చడి ఒక చుక్క నాలుక మీద వేసుకుని చూసి, తర్వాత వడ్డించుకోండి.

కారు అద్దెకు తీసుకుంటే ఆన్‌లైన్‌లో చూసిన ధర చివరి ధర కాదు. మెక్సికోలో థర్డ్ పార్టీ బీమా తప్పనిసరి, అమెరికా క్రెడిట్ కార్డుల కవరేజీలో సాధారణంగా అది ఉండదు, కౌంటర్ దగ్గర కలుపుతారు. టోల్ రోడ్డు మీద బంకులు అరుదు, బయల్దేరేముందే ట్యాంకు నింపండి.

అమెరికాలో ఉండే మనవాళ్లు వీసా సంగతి ముందే చూసుకోవాలి. భారత పాస్‌పోర్టులో గడువున్న అమెరికా వీసా గానీ, చేతిలో గ్రీన్ కార్డు గానీ ఉంటే మెక్సికోకు విడిగా వీసా అక్కర్లేదు. హెచ్1బి స్టాంపు గడువు తీరిపోయి ఐ-797 అనే ఆమోద కాగితం మీద ఉంటున్నవాళ్లకు ఈ మినహాయింపు వర్తించదు. టికెట్లు కొనకముందే కాన్సులేట్ వెబ్‌సైట్‌లో సరిచూసుకోండి.

ఆదివారం మెక్సికన్లకు ప్రవేశం ఉచితం, ఆ రోజు వద్దు. ఏప్రిల్, మే నెలల్లో ఎండ రెంటచింతల ఎండను గుర్తుచేస్తుంది, పెద్దవాళ్లుంటే నవంబర్ నుంచి ఫిబ్రవరి మధ్య పెట్టుకోండి. పగలూ రాత్రీ సమానమయ్యే రోజుల్లో పిరమిడ్ ఉత్తరం మెట్ల పక్కన పాము పాకుతున్నట్టు పడే నీడ కోసం మార్చి 20, 21 తేదీల్లో తోపులాటలో నిలబడనక్కర్లేదు. ఆ నీడ ముందూ వెనకా కొన్ని రోజులు సాయంత్రం వేళ కనబడుతూనే ఉంటుంది, సెప్టెంబర్‌లోనూ అంతే. రద్దీ అసలే పడనివాళ్లు మెరీదా నగరంలో బస చేసి 80 కిలోమీటర్ల దూరంలోని ఉష్మల్ అనే ఇంకో మాయా శిథిలాల చోటు చూడండి.