మెల్‌బోర్న్ 1956, జకార్తా 1962: రహీం సాబ్ ఘనతల్లో ఏది మేలు?

హైదరాబాద్‌లో ఫుట్‌బాల్ మాట మొదలైతే సయ్యద్ అబ్దుల్ రహీం పేరు రాకుండా ముగియదు. సిటీ పోలీస్ జట్టుకి 1950 నుంచి 1954 దాకా బొంబాయిలో జరిగే రోవర్స్ కప్ టోర్నీని వరసగా ఐదుసార్లు గెలిపించిన కోచ్ ఆయన. భారత జట్టుని కూడా ఆయనే నడిపారు. ఆ జట్టు సాధించినవాటిలో జనం ఇప్పటికీ చెప్పుకునేవి రెండు: 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం, 1962 జకార్తా ఆసియా క్రీడల్లో స్వర్ణం. 1951 ఢిల్లీ ఆసియా క్రీడల స్వర్ణమూ ఆయనదే. కానీ అది ఆరు జట్ల పోటీ, పైగా సొంతగడ్డ. అందుకని దాన్ని పక్కన పెడుతున్నా.

ఈ రెంటిలో ఏది గొప్పదంటే చాలామంది తడుముకోకుండా మెల్‌బోర్న్ అంటారు. ఒలింపిక్స్ ముందు ఆసియా క్రీడలు ఏపాటివి అన్నది వాళ్ళ లెక్క. నేను జకార్తా వైపు.

మెల్‌బోర్న్ పక్షాన బలమైన మాటలే ఉన్నాయి. ఒలింపిక్స్ ఫుట్‌బాల్‌లో సెమీస్ చేరిన తొలి ఆసియా జట్టు మనదే. ఆతిథ్య ఆస్ట్రేలియాని 4-2తో ఓడించిన క్వార్టర్ ఫైనల్లో నెవిల్ డిసౌజా హ్యాట్రిక్ కొట్టాడు. టోర్నీ మొత్తంలో నాలుగు గోల్స్‌తో, అత్యధిక గోల్స్ చేసిన ముగ్గురిలో ఒకడయ్యాడు. వీటన్నిటికంటే నాకు పెద్దగా కనిపించేది సెమీస్. అక్కడ ఎదురైంది యుగోస్లావియా. 1952 హెల్సింకీ ఒలింపిక్స్‌లో మనల్ని 10-1తో చితక్కొట్టిన దేశం అదే. అప్పుడు మనవాళ్ళలో చాలామంది బూట్లు లేకుండా ఆడారు. నాలుగేళ్ళు తిరిగేసరికి అదే దేశం మీద మొదటి సగం 0-0గా నిలిపి, రెండో సగంలో ముందుగా గోల్ కొట్టింది మనమే. చివరికి 4-1తో ఓడాం. కానీ పది గోల్స్ తిన్న జట్టు అంత తక్కువ కాలంలో ఆధిక్యంలోకి వెళ్ళిందంటే రహీం సాబ్ ఎంత పని చేశారో అర్థమవుతుంది.

ఇక అంకెల దగ్గరికి వస్తే మెల్‌బోర్న్ బలం కొంత తగ్గుతుంది. ఆ టోర్నీకి వచ్చినవి పదకొండు జట్లే. మొదటి రౌండ్‌లో మన ప్రత్యర్థి హంగరీ, అప్పటి ఒలింపిక్ విజేత. ఆ దేశం ఫుట్‌బాల్ జట్టుని పంపకపోవడంతో మనకి వాకోవర్ దొరికింది. అంటే మైదానంలో ఆడినవి మూడు మ్యాచ్‌లు, గెలిచింది ఒకటి. కాంస్యం కోసం జరిగిన మ్యాచ్‌లో బల్గేరియా చేతిలో 0-3తో ఓడాం. కొట్టిన గోల్స్ ఐదు, ఇచ్చినవి తొమ్మిది. నాలుగో స్థానం అన్న మాట వెనక ఇంత కథ ఉంది.

జకార్తాలో ఐదు మ్యాచ్‌లు ఆడి నాలుగు గెలిచాం. పదకొండు గోల్స్ కొట్టి ఆరు ఇచ్చాం. కానీ నేను ఆ పట్టిక చూసి ఓటేయడం లేదు. మొదటి మ్యాచ్‌లోనే దక్షిణ కొరియా చేతిలో 0-2తో ఓడాం. ఆ కొరియా 1956, 1960 ఆసియా కప్పులు గెలిచిన జట్టు. తర్వాత థాయ్‌లాండ్‌ని 4-1తో, జపాన్‌ని 2-0తో ఓడించి సెమీస్ చేరాం. ఈలోగా డిఫెన్స్‌కి వెన్నెముక లాంటి జర్నైల్ సింగ్ తలకి దెబ్బ తగిలి ఆరు కుట్లు పడ్డాయి. మరో కోచ్ అయితే అతన్ని బెంచీ మీద కూర్చోబెట్టేవాడు. రహీం సాబ్ తీసుకెళ్ళి సెంటర్ ఫార్వర్డ్‌గా ఆడించారు! దక్షిణ వియత్నాంతో 3-2గా ముగిసిన సెమీస్‌లో జర్నైల్ గోల్ కొట్టాడు. ఫైనల్లో మళ్ళీ అదే కొరియా. మొదటి ఇరవై నిమిషాల్లోనే పీకే బెనర్జీ ఒకటి, జర్నైల్ ఒకటి కొట్టేశారు. కొరియా చివర్లో ఒక గోల్ కొట్టింది, అంతే, 2-1.

స్టేడియంలో లక్షమంది దాకా జనం. దాదాపు అందరూ మనకి ఎదురే. ఇజ్రాయెల్, తైవాన్ క్రీడాకారులకి ఇండోనేషియా వీసాలు ఇవ్వకపోవడాన్ని భారత అధికారి జీడీ సోంధీ తప్పుపట్టారని అక్కడివాళ్ళకి కోపం. ఆ కేకల మధ్య ఆడిన జట్టు కోచ్‌కి అప్పటికే క్యాన్సర్. 1963 జూన్‌లో ఆయన పోయారు.

రాని జట్ల సంగతి ఇక్కడా ఉందని ఎవరైనా అంటే ఒప్పుకోవాల్సిందే. 1954, 1958 ఆసియా క్రీడల ఫుట్‌బాల్ స్వర్ణాలు తైవాన్‌వే, వాళ్ళు జకార్తాలో లేరు. కానీ తేడా ఒకటుంది. మెల్‌బోర్న్‌లో హంగరీ రాకపోవడం మనల్ని నేరుగా ఒక రౌండ్ దాటించింది. జకార్తాలో ఉచితంగా దాటిన మెట్టు ఒక్కటీ లేదు. పైగా మొదట మనల్ని ఓడించిన జట్టుని ఫైనల్లో ఓడించి తెచ్చుకున్న పతకం అది.

మన ఊరి వాటా చూస్తే మాత్రం మెల్‌బోర్న్‌కే మొగ్గు. అజీజుద్దీన్, నూర్ మహమ్మద్, అహ్మద్ హుసేన్, జుల్ఫికరుద్దీన్, సికింద్రాబాద్‌లో పెరిగిన తులసీదాస్ బలరాం, అక్కడి మార్నింగ్ స్టార్ క్లబ్‌లో ఆడిన గోల్‌కీపర్ పీటర్ తంగరాజ్... ఆ జట్టు పేర్లు చదువుతుంటే హైదరాబాద్ జట్టు జాబితా చదివినట్టే ఉంటుంది. జకార్తాకి బలరాం, తంగరాజ్‌లతో పాటు యూసుఫ్ ఖాన్, అఫ్జల్ వెళ్ళారు. జ్వరంతో ఉన్న తంగరాజ్‌నే రహీం సాబ్ ఫైనల్లో గోల్‌పోస్టుల మధ్య నిలబెట్టారు. అదీ ఫలించింది.

ఇంత చెప్పినా మెల్‌బోర్నే పైన అనేవాళ్ళకి ఒక సలహా. నాలుగో స్థానాన్ని పట్టుకుని వాదించకండి, అది నిలబడదు. ఒలింపిక్స్ అయ్యాక అదే డిసెంబర్‌లో సిడ్నీలో ఆస్ట్రేలియాతో మళ్ళీ ఆడి 7-1తో గెలిచామే, దాన్ని తీసుకురండి. క్వార్టర్ ఫైనల్ గెలుపు గాలివాటం కాదని ఆ మ్యాచ్ గట్టిగా చెబుతుంది. అప్పుడు కూడా నేను జకార్తానే అంటాను గానీ, ఈసారి కాస్త ఆలోచించి అంటాను.